శనివారం తెల్లవారితే ఆదివారం

మొన్న మధ్యాహ్నం నేను కందిపొడి కోసం పప్పు వేయిస్తూ ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఈ రోజుల్లో తెలియని నంబరంటే అప్పిస్తామనేవాళ్ళో స్థలాలమ్మేవాళ్ళో కదా, ఎత్తి నాలుగూ దులిపేద్దామన్న సరదాతోనే ఎత్తాను. దెబ్బలాడటానికి మనిషి దొరకని రోజున నాకు అన్నం సయించదని మా ఆయన ఊరికే అనరు. తీరా చూస్తే అవతల ఎవరో చిన్నపిల్ల గొంతు. ఎంతో మర్యాదగా నమస్కారమండీ అని, తాను వెబ్‌సైట్లు తయారుచేసే అమ్మాయినని, తాడేపల్లిగూడెంలో షామియానాలు అద్దెకిచ్చే కొట్టు వారి పాత వెబ్‌సైటు తీసేసి కొత్తది కడుతున్నానని, ఆ పాతదాని లోపల అట్టడుగున ఒక కోడు ముక్క కనిపించిందని, దాని నెత్తిన తెలుగులో ఏదో రాసి పక్కనే ఈ నంబరు వేసి ఉందని చెప్పి, ఆ రాసి ఉన్నది నాకే చదివి వినిపించింది.

“ఇది తీయవద్దు. మన రోజు పొద్దు పొడిచాకే మారుతుంది. అనుమానముంటే నాకు ఫోన్ చేయండి.”

ఇప్పుడు దీన్ని తీసెయ్యొచ్చాండీ, అని అడిగింది. పప్పు మాడిపోయింది. మాడితే మాడింది, పొయ్యి కట్టేసి వంటింటి పీట మీద చతికిలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పిల్లని ఒక్క క్షణం ఆగమన్నాను. నేను రాసిన మాట నాకే తిరిగొచ్చింది, అదీ ఇన్నేళ్ళకి! ఎక్కడ దాక్కుందమ్మా నువ్వు ఇన్నాళ్ళూ, అని ఆ కోడుని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెప్తాను. మన తరం వాళ్ళకైతే చెప్పడం సులువు, అసలు ఆ రోజుల్లో ఏం జరిగిందో సగం మీకు తెలిసే ఉంటుంది.

పెళ్ళయి గూడెం వచ్చాక చాలా ఏళ్ళు నేను టైపు నేర్పాను. మేడ మీద మా ఇన్‌స్టిట్యూట్, రెండు వరసల మిషన్లు, పొద్దున్న పాలవాడి కంటే ముందు వచ్చే బ్యాచీ మొదలుకొని దీపాలు పెట్టేవేళ దాకా టకటకటకా ఒకటే మోత. ఆ మోతకి కింద కొట్టువాళ్ళు మమ్మల్ని తిట్టుకోని రోజు ఉండేది కాదు. ఏ ఎస్ డి ఎఫ్ ఎడమచేతికి, కుడిచేతి చిటికెన వేలి కింద సెమికోలన్, అని ఎంతమంది పిల్లల వేళ్ళు పట్టుకుని పెట్టించానో లెక్కలేదు. ఈ సెమికోలన్ని మీరు కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. తరవాత కంప్యూటర్లు వచ్చాయి, బ్యాచీలు పలచబడ్డాయి, ఒకనాడు మిషన్లన్నీ పాత ఇనుము కొట్టుకి వేసేశాం. తోపుడుబండి మీద అవి వెళ్తుంటే నేను ఏడ్చాను. అయితే ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు కదా, ఆ నెలలోనే ఒక కంప్యూటరు కొనిపించి డీటీపీ మొదలుపెట్టాను.

డీటీపీ అంటే మా ఊళ్ళో నూటికి తొంభై వంతులు శుభలేఖలే. శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, దాని కింద సంవత్సరం, మాసం, తిథి, ఆ కింద ‘శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం’ అని ముహూర్తం. ఆ ముక్క ఎన్ని వేల సార్లు టైపు చేసి ఉంటానో! నిద్రలో లేపినా నా వేళ్ళు దాన్ని కొట్టగలవు. అలా కొట్టే మనిషినే అయి ఉండీ ఆ తరవాత జరిగింది నాకు తట్టలేదంటే, మా ఆయన ఆడిపోసుకోవడంలో న్యాయం లేకపోలేదు.

శుభలేఖల నుంచి వెబ్‌సైట్లకి ఎలా ఎక్కానంటారా? నెట్ వచ్చింది, చూశాను, ఆగలేకపోయాను. అప్పట్లో ఉచితంగా దొరికే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఒకటి పట్టుకున్నాను. అంటే మరేం కాదండీ, కట్టి ఉంచిన ఇల్లులాంటిది. గోడలూ గదులూ వాళ్ళే కట్టి ఇస్తారు, మనం రంగులు వేసుకుని సామాను సర్దుకుంటే చాలు. అదనంగా ఏదైనా కావాలంటే ప్లగిన్లని తయారుగా దొరుకుతాయి, తెచ్చి తగిలించుకోవడమే. అదీ చాలదు, నాకు ఈ గోడకే కొత్త కిటికీ కావాలి, అన్నప్పుడు మాత్రం సొంతంగా కోడు రాసుకోవాలి. ఆ గొడవ నాకెందుకని అన్నాళ్ళూ దాని జోలికి పోలేదు.

మా మేడ కింద కొట్టు చెప్పానే, మమ్మల్ని తిట్టుకునేవారని, అది షామియానా సప్లై కొట్టు. దాని యజమానిని ఊరంతా భాయి గారంటే నాకు మాత్రం మొదటినుంచీ బాబాయి గారనే అలవాటు, ఎందుకంటే టైపు పరీక్షలప్పుడు అదనంగా కుర్చీలు కావాలంటే ఏనాడూ కాదనకుండా పైకి పంపించిన మనిషి. షామియానాలు, పక్క తెరలు, కుర్చీలు, వంట గుండిగలు, అటు కొల్లేటి గట్టు దాకా, ఇటు అత్తిలి దాకా ఏ పెళ్ళిపందిరి చూసినా సగం ఆయనవే. బేరానికి వచ్చినవాళ్ళు ఫలానా రోజు ముహూర్తమండీ అని మొదలుపెడితే, ఆయన గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ, ‘సామాను ఏ సాయంత్రానికి దిగాలండీ?’ అని అడిగేవారు. ఎవరొచ్చినా అదే ప్రశ్న. అది ఆయన ఊతపదమనుకునేవాళ్ళం.

ఆయనకి ఒక్కతే అమ్మాయి. డిగ్రీ అయింది, మా ఇన్‌స్టిట్యూట్‌లో ఆఖరి బ్యాచీలో టైపు నేర్చుకుంది, నన్ను అక్కా అంటూ వెనకే తిరిగేది. ఆ పిల్లకి ఒకటే కోరిక, నాన్న తరవాత ఆ కొట్టులో తాను కూర్చోవాలని. బాబాయి గారికి కూతురంటే ప్రాణమే గాని ఈ మాట ఎత్తితే మాత్రం మొహం తిప్పేసుకునేవారు. పల్లెటూళ్ళ నుంచి వచ్చే మనుషులు, వ్యాన్లు, సామాను ఎత్తే కుర్రాళ్ళు, వేళాపాళా లేని వ్యాపారం, ఇందులో ఆడపిల్ల కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు అన్నది ఆయన బాధ. నేనూ ఆ పిల్లా కలిసి ఆయన చెవిలో జోరీగల్లా పోరు పెట్టగా పెట్టగా, చివరికి ఒక మెట్టు దిగారు. మూఢం విడిచి మాఘమాసం వస్తోంది కదా, ఈ మాఘం ముహూర్తాలకి వెబ్‌సైటు పెట్టుకోండి, దాని లెక్కంతా అమ్మాయే చూసుకుంటుంది, సవ్యంగా గడిచిందా సరే, ఎక్కడైనా పందిరి మాట పోయిందా, మళ్ళీ కొట్టు ఊసెత్తకూడదు. అదీ ఒప్పందం.

ఇక చూడండి మా హడావుడి! నేను సైటు కట్టాను, ఆ పిల్ల ఫొటోలు తీసింది, తయారుగా దొరికే బుకింగ్ ప్లగిన్ ఒకటి తెచ్చి నేను తగిలించాను. తేదీ, ముహూర్తం టైము, ఊరు వేసి బటన్ నొక్కితే, ముహూర్తానికి ముందు పూట సామాను దిగేలా, తరవాతి పూట ఎత్తేలా అదే లెక్క కట్టి పెడుతుంది. మూఢం తరవాత ముహూర్తాలంటే మీకు తెలియనిదేముంది, నెలల తరబడి ఆపుకున్న పెళ్ళిళ్ళన్నీ గట్టు తెగినట్టు ఒక్కసారి వచ్చి పడతాయి. ఊళ్ళల్లో కాలేజీ చదువుల పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తూంటే వేసేస్తున్నారు, బుకింగులు టపటపా పడుతున్నాయి. ఒక్కొక్కటి పడినప్పుడల్లా కంప్యూటరు చిన్న గంట కొట్టేది, మేడ మీద నేనూ కింద ఆ పిల్లా ఒకేసారి కేకపెట్టేవాళ్ళం. ఏలూరులో ఇదే వ్యాపారం చేసే పెద్దాయన ఒకరు, కంప్యూటరు వచ్చి గుంజలు పాతుతుందా అని బాబాయి గారిని వేళాకోళం చేశారని విన్నాం. చేసుకోనీ, అనుకున్నాం.

ఆ సంబరం గురువారం దాకా సాగింది. ఆ మధ్యాహ్నం కొల్లేటి గట్టున ఒక పల్లె నుంచి పెళ్ళికూతురి తండ్రి శుభలేఖ పట్టుకుని వచ్చాడు. చేపల చెరువులున్న ఆసామి, బాబాయి గారికి పాత ఖాతా, మనిషిగా వచ్చి పిలవడం ఆయన మర్యాద. అబ్బాయి చేత మీ కంప్యూటర్లో వేయించానండీ, శనివారం పెళ్ళి, మధ్యాహ్నానికల్లా పందిరి నిలబడిపోవాలి భాయి గారూ, వానొచ్చినా వరదొచ్చినా మీ భరోసాయే, అని చెప్పి టీ తాగి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక బాబాయి గారు శుభలేఖ చదివారు. శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం, మూడు గంటలకు. తరవాత మా కంప్యూటరు అచ్చు వేసిన కాగితం తీసి చూశారు. సామాను శుక్రవారం దించాలి, శనివారం పొద్దున్న ఎత్తేయాలి, అదే సామాను శనివారం మధ్యాహ్నం అత్తిలిలో ఇంకో పెళ్ళికి దించాలి.

నన్ను కిందకి పిలిచారు. శుభలేఖా ఆ కాగితమూ నా చేతిలో పెట్టారు. ఏం జరిగిందో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. పెళ్ళివారికి అది శనివారం రాత్రి పెళ్ళి, కనుక శనివారం అని వేశారు, టైము మూడు అని వేశారు. మన లెక్కకి పొద్దు పొడిచేదాకా శనివారమే కదా. కంప్యూటరు లెక్కకి శనివారం మూడంటే శుక్రవారం రాత్రి గడిచి వచ్చే మూడు. ఒక రోజు ముందు పందిరి వేసి, తీరా చుట్టాలు దిగేవేళకి గుంజలు పీకేసేది! కొట్టులో అంత పెద్ద షామియానా సెట్టు ఒక్కటే ఉంది, రెండు పెళ్ళిళ్ళూ ఆ శనివారమే. పోనీ ఒక రోజు అటు జరిపేద్దామా అంటే, తక్కిన బుకింగుల్లో కొందరు గడియారం ప్రకారం సరిగ్గానే ఆదివారం అని వేశారు, కొందరు శనివారం అని వేశారు, ఎవరు ఎలా వేశారో ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మాఘమాసం మొత్తం అలాగే ఉంది.

నేను ఊరుకుంటానా, తప్పు మాది కాదండీ, ప్లగిన్ తయారుచేసినవాడిది, వాడికి మన ముహూర్తాలు ఏం తెలుసు, అని గట్టిగానే వాదించాను. రాత్రి పన్నెండింటికి రోజు మారుతుంది బాబాయి గారూ, ప్రపంచమంతా అదే లెక్క, అని కూడా అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“పన్నెండింటికి రోజు మారడం ఎవరు చూశారమ్మా?” అన్నారు.

ఆయన చొక్కా మార్చుకుని, ఆ వేళాకోళం చేసిన ఏలూరు పెద్దాయననే రెండో సెట్టు అడగడానికి ప్యాసింజరు బండికి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ కూతురితో, ఈ ముహూర్తాలు గడిచాక నిదానంగా మాట్లాడుకుందాంలే అన్నారు. నిదానంగా మాట్లాడుకోవడమంటే ఏమిటో ఆ పిల్లకి తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, పట్టుదల పెరిగింది. ముక్కు చీదుకుని ఫోను దగ్గర కూర్చోవే, బుకింగ్ చేసినవాళ్ళందరికీ చెయ్యి, నేను పైకెళ్ళి ఆ ప్లగిన్ సంగతి తేలుస్తాను, అన్నాను. కోడు రాయడం నాకు రాదన్న సంగతి మెట్లెక్కాక గుర్తొచ్చింది.

రాకపోతే ఏం, నేర్చుకుంటాం! నెట్‌లో వెతికాను. నాలాంటి ఇబ్బంది ఇంకెవరికైనా వచ్చిందా అని చూస్తే, ఎక్కడో విదేశంలో తెల్లవార్లూ డాన్సు క్లబ్బు నడిపేవాడొకడు సరిగ్గా ఇదే గోల పెట్టాడు. శనివారం రాత్రి వచ్చి తెల్లవారుజామున వెళ్ళేవాళ్ళని నీ ప్లగిన్ ఆదివారంలో వేస్తోంది మహాప్రభో, అని. కింద ఎవరో పుణ్యాత్ముడు ఇంత కోడు రాసి ఇచ్చాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. మా ఆయన అప్పుడే మిల్లులో పని ముగించుకుని వచ్చి నా వెనక నిలబడి అంతా చదివి, తాగి తందనాలాడేవాళ్ళ లెక్కా మన మాంగల్యధారణ లెక్కా ఒకటేనన్నమాట అని నవ్వి, ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టి వెళ్ళారు. చెప్పకేం, ఆ కాఫీ ఆ రోజు అమృతమే.

ఈలోగా కింద నుంచి ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. ముహూర్తం ఏ రోజండీ అని ఫోనులో అడుగుతుంటే ఒక్కొక్కరూ శుభలేఖలో ఉన్నదే మళ్ళీ చదువుతున్నారుట, తెల్లవారితే ఇది, తెల్లవారితే అది అని, ఇద్దరికీ అయోమయం. విసిగిపోయి, చిన్నప్పటినుంచీ కొట్టు వెనక గదిలో కూర్చుని విన్న మాట నోటికొచ్చి, సామాను ఏ సాయంత్రానికి దిగాలండీ అని అడిగిందిట. అంతే, అవతలివాళ్ళు తడుముకోకుండా చెప్పేశారు. ప్రతివాళ్ళూ చెప్పేశారు! సాయంత్రానికి మటుకు ఏ లెక్కలోనైనా ఒకటే పేరు కదండీ. అలా అడిగితే మరో రెండు పెళ్ళిళ్ళు ఒక రోజు అటూ ఇటూ అయి ఉన్నట్టు బయటపడ్డాయి, అప్పటికప్పుడు సరిచేసింది. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ ప్రశ్ననే కంప్యూటరు చేత అడిగిస్తే సరిపోయె!

మళ్ళీ కూర్చున్నాను. పొద్దు పొడవకముందు టైము ఎవరైనా వేస్తే వెంటనే ఒప్పేసుకోకు, ముందు ఈ ప్రశ్న అడుగు, వాళ్ళు చెప్పిన సాయంత్రాన్ని పట్టుకుని లెక్క కట్టు. తెలుగులో చెప్తే ఇంతే. కోడులో చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ క్లబ్బువాడి కోడుని ముక్కముక్కగా మార్చుకుంటూ, చెరిపి రాస్తూ, రాసి చెరుపుతూ, చివరికి అయిందనుకుని సేవ్ కొట్టి సైటు తెరిచాను. తెల్లటి తెర! ఫొటోలు లేవు, బుకింగులు లేవు, కొట్టు పేరు కూడా లేదు, ఉతికి ఆరేసిన పంచెలాగ మొత్తం తెలుపు. ఆ పిల్ల నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగవంటారే, ఊరి చుట్టూ అన్ని కల్యాణాలు పెట్టుకుని నేను సైటునే మాయం చేశాను. దేవుడా, ద్వారకా తిరుమల కొండకి నడిచొస్తాను, ఈ ఒక్కసారికి గట్టెక్కించు, అని మొక్కేసుకుని, రాసిందంతా మొదటినుంచీ వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదివాను.

ఒక వరస చివర సెమికోలన్ లేదు. ఇన్నేళ్ళు ఊరందరి చిటికెన వేళ్ళకీ నేర్పిన సెమికోలన్, నా చిటికెన వేలే తంతే ఎగిరిపోయింది! అది పెట్టి మళ్ళీ సేవ్ కొట్టేసరికి, ఫొటోలూ బుకింగులూ కొట్టు పేరూ అన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. ఆ వయసులో ఆ శరీరంతో గంతేశానంటే నమ్మండి, మేడ అదిరింది, ఆ పిల్ల నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఒక యంత్రం ఉంది, దానికి నేను చెప్పాను, అది వింది. ఆ సంతోషం ఇలాంటిదని మీకెలా చెప్పను? మొదటిసారి మిషన్ వంక చూడకుండా నా పేరు నేను టైపు కొట్టుకున్న రోజున ఇలాగే ఉంది, మళ్ళీ ఆ గురువారం నాడే. ఆ కోడు నెత్తిన ఆ మాట రాసి నంబరు వేసింది ఆ ఊపులోనే.

బాబాయి గారు తిరిగొచ్చేసరికి పొద్దు గుంకింది. నమాజు చేసుకుని మేడెక్కి వచ్చారు. ఏలూరు పెద్దాయన ఒక్క మాట ఎత్తిపొడవకుండా సెట్టు ఇస్తానన్నాడని, మనుషులు మనం అనుకున్నంత చెడ్డవాళ్ళు కారని చెప్పారు. ఆ పిల్ల తండ్రికి మంచినీళ్ళిస్తూ, ఒక తమాషా చూశారా అక్కా, ఇప్పుడు మా ఇంట్లో శుక్రవారం వచ్చేసింది, మీ ఇంట్లో తెల్లవారేదాకా గురువారమే, ఈ కంప్యూటరు మటుకు పన్నెండు దాకా కాచుక్కూర్చుంటుంది, అంది. పొద్దు గుంకితే రోజు మారడం వాళ్ళ పద్ధతి. మూడు రకాల రోజులు ఒకే మేడ మీద ఉన్నాయని ముగ్గురం నవ్వుకున్నాం. ఇన్నేళ్ళూ బాబాయి గారు తన రోజుతో మన పెళ్ళిళ్ళకి పందిళ్ళు వేస్తూ ఎక్కడా తడబడకుండా నెట్టుకొచ్చారంటే, ఆ ఊతపదం వల్లనే కదా, అప్పుడు వెలిగింది నాకు.

ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాం. కొత్త బేరం వచ్చినట్టు వేసి చూడండి బాబాయి గారూ, అన్నాను. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ శనివారం వేశారు, మూడు గంటలు వేశారు, బటన్ నొక్కారు. తెర మీద ఆయన ప్రశ్న ఆయనకే ఎదురైంది. సామాను ఏ సాయంత్రానికి దిగాలండీ? ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండోసారి చదివారు. తరవాత ఎదురుగా మనిషి ఉన్నట్టే ముందుకి వంగి,

“శనివారం సాయంత్రానికండీ,” అన్నారు కంప్యూటరుతో.

మేమెవరం నవ్వలేదు. ఆ ప్రశ్న ఎవరు పెట్టించారని అడిగారు. ఈ పిల్లే, అన్నాను. తారుమారైన బుకింగులన్నీ కూతురు ఒక్కతే ఫోనుల మీద సరిచేసిందని విన్నాక ఆయన జేబులోంచి కొట్టు తాళాలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, పొద్దున్నే వ్యానువాళ్ళు వస్తారు, నువ్వే తియ్యి, అని మాత్రం అన్నారు. ఆ పిల్ల ఏడుపు ఇక ఆపడం నా వల్ల కాలేదు, ఆపాలని కూడా అనిపించలేదు.

శనివారం పెళ్ళికి మేమూ వెళ్ళాం, నేనూ మా ఆయనా. చెరువు గట్ల మధ్య పందిరి నిక్కచ్చిగా నిలబడి ఉంది. తాళి కట్టడం, తలంబ్రాలు, అప్పగింతల సందడీ అన్నీ అయ్యి నేను ఒక కుర్చీ బయటికి లాక్కుని కూర్చునేసరికి చెరువుల అవతల తూర్పు ఎర్రబడింది, పక్షులు లేచాయి, వంటవాళ్ళు పొద్దుటి కాఫీకి పొయ్యి రాజేశారు. అదిగో, ఇప్పుడొచ్చింది ఆదివారం, అన్నారు మా ఆయన. నిజమే, రోజు మారడం ఆవేళ నేను కళ్ళారా చూశాను.

ఇదంతా ఫోనులో ఆ కొత్తమ్మాయికి చెప్పాను. పాపం, ఓపికగా వింది. బాబాయి గారు ఇప్పుడు లేరు. ఆయన కూతురే కొట్టు నడుపుతోంది, ఏలూరులో ఇంకో కొట్టు కూడా తెరిచింది. అక్కని అడక్కుండా ఆ ముక్క ముట్టుకోవద్దని చెప్పింది ఆవిడేట. నేనే ఆ కొత్తమ్మాయితో, అమ్మా, ఇప్పుడు అన్నీ ఫంక్షన్ హాళ్ళే కదా, పందిళ్ళెక్కడున్నాయి, ముహూర్తాలు కూడా అందరికీ వీలుగా పొద్దుటికో రాత్రి భోజనాలవేళకో జరుపుకుంటున్నారు, ఆ కోడు ఎప్పటిదో, దాని కాలం అయిపోయింది, తీసేసెయ్యి, ప్రశ్న ఒక్కటీ ఉంచితే నాకు సంతోషం, అన్నాను.

దానికి ఆ పిల్ల నెమ్మదిగా, మా అక్క పెళ్ళి శుభలేఖ నేనే ఫోనులో తయారుచేశానండీ, అంది. ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలు అని వేసిందిట. అది గడియారం లెక్కకి సరైనదే. గణపవరంలో ఉండే వాళ్ళ మేనత్త మాత్రం ఆదివారం సాయంత్రం, కొత్త చీర కట్టుకుని, పిల్లకి పెట్టాల్సిన పట్టుచీర సంచిలో పెట్టుకుని, ఆ రాత్రి పెళ్ళి చూద్దామని దిగిందిట. అప్పటికి పెళ్ళయి, హాలు ఖాళీ చేసి, అందరూ పడి నిద్రపోతున్నారుట. అత్తకి మతిమరుపు వచ్చేసిందని అందరూ నవ్వారుట, ఆవిడ చీర ఇచ్చేసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆఖరి బస్సుకి వెళ్ళిపోయిందిట. ఆ తరవాత ఏ పెళ్ళికీ రావడం లేదుట. ఫోను పెట్టేసి వెంటనే ఆవిడకి చెయ్యమ్మా, అన్నాను.

మర్నాడు ఆ పిల్ల మళ్ళీ చేసింది. అత్తకి అంతా వివరంగా చెప్పిందిట, తప్పు నీది కాదు, నా శుభలేఖది, నువ్వు పొద్దుని పట్టుకుని లెక్కపెట్టుకున్నావు, అంతే, అని. ఆవిడ అంతా విని,

“అయితే నాకు మతి పోలేదన్నమాటే,” అందిట.

ఇన్నాళ్ళూ ఆవిడ కూడా అలాగే నమ్మేసి, ఎక్కడికి వెళ్ళినా ఏం పొరపాటు చేస్తానో అని ఇల్లు కదలడం మానేసిందిట. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. మన లెక్కలు మనవి, వాళ్ళ లెక్కలు వాళ్ళవి, మధ్యలో మర్యాదగా అడిగే ఒక్క ప్రశ్న ఉంటే మూడు రకాల రోజులు ఒకే మేడ మీద కాపురం చేశాయి. ఇప్పుడు ఒకటే రకం రోజు మిగిలింది, అది మనందరం నిద్రలో ఉండగా ఫోనులో తనంతట తానే మారిపోతోంది, అడిగేవాళ్ళు లేరు. నా ఫోను పొద్దున్న నేను కళ్ళు తెరిచేసరికే కొత్త తేదీ వేసుకుని సిద్ధంగా ఉంటుంది. మా ఆయన మటుకు ఈనాటికీ వీధి అరుగు మీదికి ఎండ వచ్చాకే లోపలికి వచ్చి, క్యాలెండరులో నిన్నటి కాగితం చింపుతారు.